సగం వార్త అబద్ధమవుతుందా?

"పేపర్లో పడింది" అనే మాటకు ఒకప్పుడు మన ఊళ్ళలో ఎంత విలువ ఉండేదో మీకు తెలుసు. పేపర్లో పడిందంటే ఇక వాదన లేదు. ఇప్పుడు అదే మాటను నవ్వుతూ అంటున్నాం. ఏ పత్రిక ఏ పార్టీ వైపు ఉందో, ఏ ఛానెల్ ఎవరి డబ్బుతో నడుస్తోందో ముందు లెక్క వేసుకుని, వార్తను ఆ తరువాత చదువుతున్నాం. ఈ నమ్మకం ఎందుకు పోయింది? "అబద్ధాలు రాస్తున్నారు కాబట్టి" అని చాలామంది జవాబు చెబుతారు. ఈ జవాబు పూర్తిగా సరైనదేనా? మన వరంగల్లులో పనులు పోయిన తీరును ముందు పెట్టుకుని ఒకసారి ఆలోచిద్దాం.

నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1934లో, వరంగల్లులో ఆజంజాహీ మిల్లు వెలసింది. వేలాది కుటుంబాలు దాని మీద బతికాయి. సైరన్ మోతతో పొద్దు తెలుసుకున్న వాడలు ఉండేవి. 1974లో మిల్లు జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చింది. పాతబడిన యంత్రాల స్థానంలో కొత్తవి రాలేదు, నష్టాలు పెరిగాయి, కార్మికులను స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో ఇళ్ళకు పంపారు. చివరకు 2002లో మిల్లు మూతపడింది. గోదావరి ఒడ్డున కమలాపురంలో వెదురు, జామాయిల్ కర్రతో రేయాన్ గుజ్జు తయారు చేసిన ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది. అక్కడి కార్మికులు జీతాల బకాయిల కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూశారు. ఇక మన నేత కార్మికులు ఎంతోమంది అంతకుముందే మగ్గం వదిలి సూరత్‌కు, భీవండికి, షోలాపూర్‌కు వలస పోయారు.

ఇప్పుడు రెండో జాబితా చూడండి. కాజీపేటకు రైలు పెట్టెల ఫ్యాక్టరీ వస్తుందన్న ఆశ 1980వ దశకం నాటిది. అది పంజాబులోని కపుర్తలాకు పోయింది. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం, తెలంగాణలో అలాంటి ఫ్యాక్టరీ సాధ్యమా అన్నది ఆరు నెలల్లో పరిశీలించాలని రైల్వేకు చెప్పింది. కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది మాత్రం 2023 జూలైలో. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో పునాదిరాయి పడింది. సూరత్, భీవండి పోయిన మనవాళ్ళు తిరిగి వస్తారని ఆనాడు చెప్పారు. 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కుల్లోనూ వరంగల్ పేరు ఉంది. కమలాపురం ఫ్యాక్టరీ మళ్ళీ తెరుస్తారన్న మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

గమనించండి, ఇందులో పత్రికలు కల్పించినది లేదు. పునాదిరాయి నిజంగానే పడింది. సభ నిజంగానే జరిగింది. ఇన్ని వేల ఉద్యోగాలు వస్తాయని నాయకులు నిజంగానే అన్నారు. పత్రిక రాసిన ప్రతి వాక్యమూ నిజమే. అయినా చదివినవాడు మోసపోయాననే అనుకుంటున్నాడు. ఇదెలా?

న్యాయస్థానంలో సాక్షి చేసే ప్రమాణాన్ని గుర్తు తెచ్చుకోండి. నిజం చెబుతానన్నంత మాత్రాన అది చాలదు. పూర్తి నిజం చెబుతానని కూడా అతడు మాట ఇవ్వాలి. గొడవ ఎలా మొదలయిందో చెప్పి, ఎలా ముగిసిందో తెలిసీ దాచిన సాక్షి ఒక్క అబద్ధమూ ఆడలేదు. అయినా న్యాయానికి ద్రోహం చేశాడు. శంకుస్థాపనను మొదటి పేజీలో వేసి, ఆ తరువాత ఎంత మందికి పని దొరికింది, ఎంత జీతం, స్థానికులు ఎందరు, భూమి ఇచ్చిన రైతు ఇంట్లో ఒక్కరికైనా ఉద్యోగం వచ్చిందా అని అడగని వార్త కూడా అటువంటి సాక్ష్యమే. ఆ సగం వార్తను నమ్మి ఒకడు ఉన్న ఎకరం అమ్ముకుంటాడు. ఒకడు అప్పు చేసి, రాబోయే ఫ్యాక్టరీ పక్కన ప్లాటు కొంటాడు. ఒక కుర్రవాడు చేతికి వచ్చిన చిన్న పనిని కాదనుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూస్తాడు. నష్టపోయేది వీళ్ళే.

అయితే తప్పంతా విలేకరి మీద వేయడం న్యాయం కాదు. మండలాల్లో పనిచేసే కంట్రిబ్యూటర్లకు చాలామందికి నెల జీతమంటూ ఉండదు. వార్త తెచ్చే చేతితోనే ప్రకటన కూడా తేవాలి. ప్రకటన ఇచ్చినవాడిని మరునాడు ప్రశ్న అడగడం ఎంత కష్టమో ఊహించండి. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేసిన తీరుపై ప్రెస్ కౌన్సిల్ విచారణ జరిపించింది. ఇద్దరు సభ్యుల ఉపసంఘం పేర్లతో సహా నివేదిక ఇస్తే, 2010లో కౌన్సిల్ దాన్ని కుదించి బయటపెట్టింది. తన గురించిన వార్తనే పూర్తిగా చెప్పుకోలేని వ్యవస్థ మన గురించి పూర్తిగా చెబుతుందా అని పాఠకుడు అనుమానిస్తే తప్పేముంది?

కాని, పత్రిక నిలబడితే ఏం జరుగుతుందో కూడా మనం చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి సారా వ్యతిరేక ఉద్యమం సాగినప్పుడు, తెలుగు పత్రికలు ఒక రోజు ఫోటో వేసి ఊరుకోలేదు. నెలల తరబడి ఊరూరి ఆడవాళ్ళ మాటను అచ్చువేశాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. "నిజం నిలకడ మీద తెలుస్తుంది" అని మన పెద్దలు అన్నారు. ఆ నిలకడ చూపినప్పుడు పత్రికను జనం నమ్మారు.

మరి మన సంగతి? మిల్లు ఉన్న రోజుల్లో ఏ పుకారు వచ్చినా సాయంత్రానికి గేటు దగ్గర పదిమంది కలిసి దాని బలం తేల్చేవారు. పనితోపాటు ఆ గేటు కూడా పోయింది. ఇప్పుడు ఎవరి ఫోను వారి చేతిలో, ఎవరి కోపం వారి గుండెలో. పేపర్‌ను నమ్మనని చెప్పే మనిషే, ఎవరు రాశారో తెలియని వాట్సాప్ కబురును పది మందికి పంపుతున్నాడు. దేన్నీ నమ్మకపోవడం వివేకం అనిపించుకోదు. అడిగి తెలుసుకోవడం వివేకం. ఏమీ అడగకుండా నమ్మినవాడూ, ఏమీ అడగకుండా కొట్టిపారేసినవాడూ ఒకే పనిని తప్పించుకుంటున్నారు.

కాబట్టి ఒక చిన్న పని చేయండి. ఈసారి పునాదిరాయి వార్త చూసినప్పుడు ఆ ముక్కను కత్తిరించి, తేదీ వేసి దాచండి. ఏడాది గడిచాక, "ఆ ఉద్యోగాలు ఏమయ్యాయి?" అని సంపాదకునికి ఒక కార్డు రాయండి. అలాంటి కార్డులు పది వస్తే విలేకరికి ఆ గేటు దాకా మళ్ళీ వెళ్ళే ధైర్యం వస్తుంది. సగం చెప్పడం పత్రిక తప్పు. మిగతా సగం అడగకపోవడం మనది.