జాడ ఉంది, సరే

చమురు బావి తవ్వేచోట అందరూ వాడే ఒక మాట ఉంది: షో. సినిమా షో లాంటిదే అనుకుంటారు కొత్తగా విన్నవాళ్లు. బావిలోంచి పైకొచ్చిన రాతి పొడిలో చమురు మరకో, బురదతో పాటు వచ్చిన గ్యాసో కనిపిస్తే దాన్ని షో అంటారు. నేను కొన్నేళ్లు ఆ పొడిని చూసి రాసే పని చేశాను. మడ్ లాగింగ్ అంటారు దాన్ని. అక్కడ మొదలైన ప్రశ్న ఇప్పటికీ వదల్లేదు: ఒక జాడ కనిపించినప్పుడు, "ఉంది" అనే హక్కు మనకి ఎప్పుడు వస్తుంది?

న్యాయశాస్త్రంలో పాత ఉదాహరణ ఒకటుంది. కొండ మీద పొగ కనిపించింది కాబట్టి అక్కడ నిప్పుంది. వంటింట్లో చూశాం కదా, పొగ ఉన్నచోట నిప్పుంటుంది. మంచుని చూసి పొగ అనుకుంటే ఎలా అన్న జాగ్రత్త కూడా ఆ తార్కికులకి ఉండేది. మా పనిలో ఆ మంచు చాలా రకాలుగా వస్తుంది. రాతి పొడిని అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే చమురు మెరుస్తుంది. కాల్సైటూ మెరుస్తుంది. పైపుల మరలకి పూసిన గ్రీజూ మెరుస్తుంది. అందుకని ఒక చుక్క సాల్వెంటు వేసి చూస్తాం. మెరుపు అందులోకి పాలలా జారితే అది చమురు, కదలకపోతే ఖనిజం. గ్యాసు సంగతీ అంతే. ఒక బొగ్గు పొర తగిలినా మీటరు ఎగురుతుంది. పైగా మన చేతిలో ఉన్న పొడి ఇప్పటిది కాదు. బురద దాన్ని అంత లోతు నుంచి మోసుకు రావాలి, కాబట్టి లోతైన బావిలో అది గంట కిందటి రాయి. మనం చదివేది ఎప్పుడూ పాత వార్తే.

మంచు కాదు, పొగే అని తేలిందనుకోండి. అప్పుడూ చిక్కే. లోపల చమురు చిక్కుకునే చోటుని ట్రాప్ అంటారు. పైన బంకమట్టి రాయి మూతలా ఉంటుంది, కింద సందులున్న ఇసుకరాయి. ఆ మూత ఏ కాలంలోనో పగిలితే చమురు కారిపోతుంది, మరక మాత్రం మిగులుతుంది. లేదా చమురు అటుగా వేరే చోటికి వెళ్తూ దారిలో గుర్తు వదిలి ఉండొచ్చు. షో నిజం, చమురూ నిజం. కాకపోతే అది ఒకప్పుడు ఉండేది. ఆరిపోయిన నిప్పుకి పొగ ఉండదు, ఆరిపోయిన ట్రాపుకి మాత్రం షో ఉంటుంది. ఇక్కడ ఆ కొండ ఉదాహరణ నాకు సరిపోలేదు.

ఇంకో మెట్టుంది. ఇప్పుడూ ఉంది, కానీ రాదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ తవ్విన బావి గుర్తుందా? 2005 జూన్‌లో అక్కడ 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాసుందని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రకటించారు. తర్వాత అభివృద్ధి ప్రణాళిక దగ్గరికొచ్చేసరికి ఆ అంకె సుమారు పదో వంతుకి దిగింది. రాయి లోతుగా ఉంది, వేడి ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ, సందులు బిగుసుకుని ఉన్నాయి. 2017లో ఓఎన్‌జీసీ అందులో 80 శాతం వాటా కొన్నది. గ్యాసు అబద్ధం కాదు. మరి ఏది అబద్ధమయింది?

నా అనుమానం ఇది. బావి దగ్గర రాసే కాగితంలో "ఉండొచ్చు", "మసకగా", "పరీక్షించాలి" అన్న మాటలుంటాయి. కాగితం ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ అవి రాలిపోతాయి. పేపర్లోకి వచ్చేసరికి అంకె ఒక్కటే మిగులుతుంది. ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు, తలా ఒక మాట తీసేస్తే చాలు.

ఆశ లేకపోతే ఎవరు తవ్వుతారు అంటారు. నిజమే. ఆశపడేది ఎవరు, కట్టేది ఎవరు అన్నదే నా పేచీ. మాది కొడవలూరు. కాలువ నీళ్లు చాలని పొలానికి బోరు వేయించాలంటే మావైపు ఇప్పటికీ ముందు పాయింటు చూపిస్తారు. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడితే "ఇక్కడ ఉంది" అంటాడు చూసేవాడు. బోరు ఎండితే ఆయన ఫీజు వెనక్కి రాదు, రైతు అప్పు పోదు. సెలవులకి ఇంటికెళ్తే మా పెదనాన్న అడిగాడు: "ఏంది అబ్బయ్యా, మన కింద కూడా పెట్రోలు ఉందంటనే?" తెలీదు పెదనాన్నా అన్నాను. "అంత చదివి తెలీదంటే ఎట్టా?" అని ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. తెలీదు అనేది చదువు లేనివాడి మాట అని ఆయన లెక్క. ఆఫీసుల్లో చాలామందికీ అదే లెక్క.

ఇదంతా విని, అనుమానం వస్తే నోరు మూసుకోవడమే మర్యాద అనుకుంటే అదీ తప్పే. గ్యాసు మీటరు పెరుగుతోందంటే అది నిధి కాకపోవచ్చు, బావి ఎదురు తిరగబోతోందన్న గుర్తు కావచ్చు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. అలాంటి గుర్తు కనిపించినప్పుడు "పరీక్షించాలి" అంటూ కూర్చోకూడదు, వెంటనే అరవాలి. తప్పని తేలితే రిగ్గు కాసేపు ఆగుతుంది, అంతే. ఒకే మీటరు, ఒకే ముల్లు. డబ్బు గురించి చెప్పేటప్పుడు రుజువు కావాలి, ప్రాణం గురించయితే అనుమానం చాలు. రెండిటికీ ఒకే కొలత పెట్టేవాడిని నేను నమ్మను.

చమురు దొరకని బావిని సిమెంటుతో మూసేస్తారు. ఫైల్లో "షోలున్న డ్రై హోల్" అని రాస్తారు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో కొత్త సైస్మిక్ మ్యాపు పక్కన పెట్టుకుని ఆ ఫైలు తెరుస్తారు. అందులో మేం చేసిన తీర్మానం వాళ్లకి పెద్దగా పనికిరాదు. వాళ్లు వెతికేది ఇలాంటి లైను: లేత పసుపు మెరుపు, కట్ నెమ్మది, వాసన లేదు.