పరిశోధనకు కొలబద్ద

వేసవి వచ్చిందంటే బస్తర్ అడవుల్లో తునికాకు సేకరణ మొదలవుతుంది. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. సేకరించినవారికి కూలి ఈ లెక్క ప్రకారమే ముడుతుంది. ఆ ఆకు బీడీగా మారి ఎవరి పెదవులను చేరుతుందో, వారి దేహంలో ఏమి మిగులుస్తుందో ఆ లెక్కకు అందదు. లెక్క అబద్ధం కాదు. అయితే అది చెప్పేది కొంత, చెప్పనిది మరెంతో.

విజ్ఞానశాస్త్ర రంగంలోనూ ఇటువంటి లెక్క ఒకటి స్థిరపడింది. 1964లో యూజిన్ గార్‌ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను వెలువరించారు. ఒక పరిశోధన పత్రాన్ని తరువాతివారు ఎన్నిసార్లు ఉదహరించారో దాని ద్వారా తెలుసుకోవచ్చు. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-సూచిక ఒక శాస్త్రవేత్త జీవితకాల కృషిని ఒకే అంకెలోకి కుదించింది. నియామకాలకు, పదోన్నతులకు ఇటువంటి అంకెలే ఆధారమవుతున్న ధోరణి ప్రబలింది. పత్రికల ప్రభావ సూచికలతో వ్యక్తుల కృషిని తూచరాదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకొన్న ప్రకటన హెచ్చరించవలసి వచ్చింది.

పాండిత్య ప్రభావమంటే తోటి పండితులపై ప్రభావమేనా? క్యాన్సర్ పాథాలజీ చరిత్రలో ఆంధ్రతీరానికి సంబంధించిన ఒక అధ్యాయం ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి తోడ్పడుతుంది.

ఉత్తరాంధ్ర తీర గ్రామాలలో చుట్ట కాల్చేవారు, ముఖ్యంగా స్త్రీలు, మండుతున్న కొనను నోటిలోపల ఉంచుకొని కాల్చే అలవాటు చిరకాలంగా ఉంది. దీనినే అడ్డపొగ అంటారు. నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. 1945లో బొంబాయి టాటా స్మారక ఆసుపత్రికి చెందిన పాథాలజిస్టు వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయితో కలిసి, ప్రజల అలవాట్లతో ముడిపడిన మూడు రకాల క్యాన్సర్లను వివరించారు. అడ్డపొగ వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ వాటిలో ఒకటి. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు కోస్తా ఆంధ్రలో ఇదే విషయాన్ని సవిస్తరంగా చర్చించారు. 1971లో డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, భారతీయ పరిశోధకులు మెహతా, గుప్తా, దఫ్తరీ ప్రభృతులు 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి ఫలితాలను ప్రకటించారు.

ఈ పత్రాలు ఒకదానినొకటి ఉదహరించుకొంటూ సాగాయి. ప్రతి ఉదాహరణలోనూ రచయిత పేరు, సంవత్సరం భద్రంగా నిలిచాయి. ఎవరి అంగిలి నుంచి తీసిన కణజాలం సూక్ష్మదర్శిని కిందికి చేరిందో ఆ స్త్రీ మాత్రం పట్టికలో ఒక అంకెగా మిగిలింది. రోగి గోప్యత దృష్ట్యా పేరు ఉండకపోవడం సమంజసమే. కాని పేరు చెప్పనంత మాత్రాన ఋణం తీరదు. ఆమె దేహం సాక్ష్యమిచ్చింది. ఆ సాక్ష్యం ఆమె ఊరికి దక్కిందా అన్నదే అసలు ప్రశ్న.

కొంతమేరకు దక్కింది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వినియోగదారులపై జరిగిన అధ్యయనం 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఈసారి పరిశోధకులు నోళ్లను పరీక్షించి ఊరుకోలేదు. అలవాటు మానవలసిందిగా ముఖాముఖి బోధించారు, ప్రచార సాధనాలు వాడారు. మానినవారు పెరిగారు, క్యాన్సర్‌కు పూర్వరూపాలైన నోటి మచ్చలు కొత్తగా ఏర్పడటం తగ్గింది. ప్రాచుర్యం పొందిన పత్రాలు ఇంకా అనేకం ఉండవచ్చు. మచ్చ పడని అంగిలిని ఉదహరించే పత్రిక మాత్రం ఏదీ ఉండదు.

అట్లని ఉదాహరణల లెక్కను తృణీకరించడం న్యాయం కాదు. 1945 నాటి పరిశీలన నమోదు కాకపోతే, తరువాతివారు దానిని చదివి ముందుకు సాగకపోతే, 1986 నాటి ప్రయత్నానికి పునాది ఉండేది కాదు. పండితుల పరస్పర స్మరణ విజ్ఞానానికి వంతెన వంటిది. వంతెన అవసరమే, అయితే దానిమీదే నిలిచిపోయినవాడు ఆవలి ఒడ్డు చేరినట్లు కాదు.

ఆ ఆవలి ఒడ్డు బస్తర్‌లోనూ ఉంది. పొగాకు, మొలాసిస్ కలిపి చేసే గుడాఖును పళ్లకు రుద్దుకొనే అలవాటు ఛత్తీస్‌గఢ్‌లో విస్తృతం. జగదల్‌పూర్‌లో 2006లో వైద్య కళాశాల ఏర్పడింది. పరీక్షించగల కన్ను ఆ ప్రాంతంలోనే ఉంది. అయితే అక్కడ పల్లెల పలుకు హల్బీ, గోండీ. దక్షిణాన దోర్లీ, తెలుగు. ఆంగ్ల పత్రంలోని నిర్ధారణ ఈ భాషలలోకి, ఆరోగ్య కార్యకర్త నోటి మాటలోకి దిగిరానంత వరకు అది సగం చేసిన పని. మిగిలిన సగం పాథాలజిస్టు ఒక్కరిదే కాదు. ఆ పత్రాన్ని చదివి, దస్త్రంలో ఉంచి, సంతకం చేసే అధికారిది కూడా. తునికాకు కట్టలను తప్పులేకుండా లెక్కపెట్టగల యంత్రాంగానికి, ఆ ఆకు కోసిన స్త్రీ నోటిని ఏడాదికొకసారి పరీక్షింపజేయడం అసాధ్యమైన పని కాదు.