అయితే పాపం నాదేనా?

కొన్నేళ్ల కిందట నేనున్న విచారణలో ఆరు నెలల బిడ్డకు ఫిట్స్ మొదలయ్యాయి. చేతిలో తాళంచెవులు పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు. (ఇవేవీ ఫిట్స్‌ను ఆపవు.) ఆనక పట్నం తీసుకువెళ్లారు. అత్తగారు అప్పటికే తీర్పు చెప్పేసింది: "మా ఇంట ఇలాంటిది లేదు ఫాదర్‌గారూ. కోడలు పుట్టింటినుంచి తెచ్చింది."

డాక్టరు తండ్రినీ ప్రశ్నించాడు. పన్నెండో ఏటనుంచి, గబుక్కున లేస్తే అతని చేయి, కాలు మెలితిరుగుతాయి. స్పృహ తప్పదు, అరనిమిషంలో సర్దుకుంటుంది. బడిలో పిలిస్తే నెమ్మదిగా లేచేవాడు, పొగరనుకుని కొట్టేవారు. భార్యకు కూడా చెప్పలేదు.

రెండింటికీ వేరు ఒకటే కావచ్చు. 16వ క్రోమోజోముపై పీఆర్‌ఆర్‌టీ2 అనే జన్యువుంది. అందులో మార్పువల్ల ఈ మెలికలు వస్తాయని 2011లో చైనా పరిశోధకులు కనుగొన్నారు. పసిబిడ్డల ఫిట్స్‌కూ అదే కారణం కాగలదని 2012లో తేలింది. మేనరికంతో పనిలేదు. తల్లిదండ్రులలో ఒకరికుంటే చాలు, ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. ఈ ఫిట్స్ సాధారణంగా రెండేళ్లలోపు ఆగిపోతాయి. మెలికలకు చాలామందిలో కార్బమజిపిన్ కొద్ది మోతాదే సరిపోతుంది. ఇన్నేళ్లు దాచుకున్న బాధ చిన్న మాత్రతో తగ్గింది!

కోడలి తప్పు లేదని తేలింది, ఇక గొడవ ముగిసిందనుకున్నాను. ఒక సాయంత్రం అత్తగారు వచ్చి గుడి మెట్లమీద కూర్చుంది. చిన్నతనంలో అమ్మ కేకేస్తే లేవగానే తన చేయీ వంకరపోయేదట. "అయితే పాపం నాదేనా ఫాదర్‌గారూ?"

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి శిష్యులడిగిందీ ఇలాంటిదే. ప్రభువు ఆ లెక్కనే తోసిపుచ్చాడు. కారణం వేరు, దోషం వేరు, ఇష్టపూర్వకం కానిచోట దోషం లేదని సెమినరీలో చదువుకున్నాను, పరీక్షలో బాగానే రాశాను. ఆ మెట్లమీద చెబుతుంటే మాత్రం నాకే పేలవంగా వినిపించింది. చివరికి, "తెలియక ఇచ్చినది మీ పాపం కాదమ్మా. కోడలిని అన్న మాటలు మాత్రం మీవే" అన్నాను. కఠినంగానే అన్నానేమో.

ఆమె చిన్నకొడుక్కి పెళ్లి కుదిరింది. అతనికీ పసితనంలో ఫిట్స్ వచ్చాయట. ప్రకటనలు చదవకముందే ఆ అమ్మాయికి చెప్పమన్నాను. జబ్బు దోషం కాదు గాని, తెలిసి దాచడం ఇష్టపూర్వకమే కదా.

"సంబంధం తప్పిపోతే?"

తప్పిపోవచ్చునన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. లేచేటప్పుడు అలవాటుగా మెల్లగా లేచి, "పెద్దోడి చేత చెప్పిస్తాను. ఎలా ఉంటుందో వాడైతే చెప్పగలడు" అంది.