పొయ్యిని కాపాడునది మంటయా, మూతయా?

మనకు ప్రియమైన వస్తువు చిరకాలము నిలువవలెనన్న దానిని వాడవలెనా, దాచవలెనా? పట్టుచీరను పెట్టె అడుగున దాచిన యిల్లాలికిని, ఇరుగుపొరుగు భాషల నడుమ తల్లిభాషను నిలుపుకొనదలచిన సంసారులకును ఈ ప్రశ్న యొక్కటియే. దీనికి సమాధానమును పెద్ద గ్రంథములలో గాక, ఒక పొయ్యిలో వెదుకదలచితిమి.

ఇటలీ దేశమందలి నేపుల్స్ నగరము పిజ్జా రొట్టెకు పుట్టినిల్లు. అచటి పిజ్జా కళను యునెస్కో సంస్థ 2017లో మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. ఆ రొట్టె కాలునది ఇటుకలతో గుమ్మటమువలె కట్టిన కట్టెల పొయ్యిలో. లోపలి వేడి సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరిన పిమ్మట 60 మొదలు 90 సెకనులలో రొట్టె సిద్ధమగును. నేడు బెంగుళూరు, పుణె వంటి నగరములలోను అట్టి పొయ్యిలు కలవు.

దీనిని శుభ్రపరచు విధము విచిత్రమైనది. మంట రాజేసిన కొంతసేపటికి గుమ్మటము లోపలంతయు మసిపట్టి నల్లబడును. దానిని గీకి తీయనక్కరలేదు. వేడి హెచ్చినకొలది ఆ మసి తానే కాలిపోయి ఇటుక మరల తెల్లబడును. అగ్నికి పావకుడను పేరు ఊరక రాలేదు. కాని బూడిదను అగ్ని తొలగింపజాలదు. అది మనిషి చేతిపని. పొయ్యి చల్లారిన పిమ్మట పారతో బూడిద తీసి, అడుగును కుంచెతో ఊడ్చవలెను. నివురుగప్పిన నిప్పు అను మాట ఇచట అలంకారము కాదు. పైకి చల్లగా తోచు బూడిదలో మరునాటికిని నిప్పు దాగియుండవచ్చును. కనుక దానిని మూతగల ఇనుప డబ్బాలోనికే ఎత్తవలెను. సబ్బునీటితో కడుగుట కూడదు. ఇటుక ఆ నీటిని పీల్చుకొనును. వేడి ఇటుకపై చన్నీరు పడినచో పగులును.

అయితే మసికంటెను, బూడిదకంటెను ఈ పొయ్యికి పెద్ద శత్రువు చెమ్మ. వానకాలమంతయు వెలిగింపని పొయ్యి చెమ్మను పీల్చియుండును. ఒకనాడు చుట్టములు వచ్చిరని ఒక్కసారిగా పెద్దమంట వేసినచో, ఆ చెమ్మ ఆవిరియై, వెలికి దారిలేక ఇటుకను పెచ్చులూడగొట్టును. తెలిసినవారు కొన్ని దినములు చిన్న చిన్న మంటలు వేసి దానిని ఆరనిత్తురు. వేడికి వెండ్రుకవాసి బీటలు పడుట సహజము, వానికి వెరవనక్కరలేదు. వానకు కప్పు అవసరమే. కాని తడి ఆరకమునుపే గట్టిగా మూసినచో ఆ మూతయే చెమ్మను లోపల బంధించును.

నేపుల్స్‌కు చేరువనున్న పాంపేయీ నగరము క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద క్రింద పూడిపోయినది. అచటి రొట్టెల పొయ్యిల గుమ్మటములను నేటికిని చూడవచ్చును. బూడిద వానిని చక్కగా కాపాడినది. కాని వానివలన ఆకలి తీరువాడు లేడు. మన అవ్వలో, తెల్లవారకమునుపే బూడిద ఎత్తి, పొయ్యిని పేడతో అలికి, ముగ్గు పెట్టెడివారు. పొయ్యిని కాపాడుచున్నామని వారనుకొనలేదు. ఆ పూట అన్నము వండుచున్నామనుకొనిరి.

మన భాష సంగతియు నిట్టిదే. ఏడాదంతయు ఇంట తెలుగు పలుకక, ఉగాదినాడు పిల్లలను వేదికపై నిలిపి పద్యము చదువుమని గద్దించుట తడిసిన పొయ్యిలో పెద్దమంట వేయుటయే. మేమును ఒక తప్పు చేసితిమి. మా యింటి బాలుడు కన్నడపు మాట కలిపి తెలుగు పలికినప్పుడు నవ్వితిమి. నాటినుండి వాడు మాతో కన్నడముననే మాటాడసాగెను. వెండ్రుకవాసి బీటను చూచి పొయ్యినే ఆర్పుకొంటిమి.

మూత వలదని మేమనము. సంఘము, గ్రంథాలయము, ఇట్టి సంచికలు వానకు కప్పువంటివి. కాని కప్పు క్రింద నిప్పు ఉండవలెను. ఈ పుటను మూసిన పిమ్మట ఇంటిలోని బిడ్డను పిలిచి, అన్నము తింటివా అని తెలుగున అడుగుడు. వాడు ఏ మాటలు కలిపి బదులు పలికినను నవ్వకుడు. రేపును అడుగుడు.