అహిమయస్సు పరుగు

ధ్యానభాగము: 2 సమూయేలు 18:19–33



ఈ నెల ధ్యానమునకు మేమెన్నుకొనిన భాగము ఒక వార్తను గూర్చినది. ఆ వార్తను మోసికొనిపోయిన యిద్దరు మనుష్యులను గూర్చినది. అబ్షాలోము తండ్రిమీద తిరుగబడి, ఎఫ్రాయిము అడవిలో ఓడిపోయి, చెట్టుకొమ్మలలో చిక్కుకొని చంపబడెను. పట్టణపు గుమ్మమునొద్ద ముసలి తండ్రి దావీదు కూర్చుండి వార్తకొరకు కనిపెట్టుచున్నాడు. సాదోకు కుమారుడైన అహిమయస్సు, తానే పరుగెత్తి వార్త చెప్పెదనని యోవాబును బతిమాలుకొనెను. యోవాబు వలదనెను. రాజు కుమారుడు చనిపోయెను గనుక ఇది నీవు మోయదగిన వార్త కాదని కారణము కూడ చెప్పెను. ఒక కూషీయుని పంపెను. అయినను అహిమయస్సు ఊరకుండలేక మరల మరల అడిగి, సెలవు పుచ్చుకొని, మైదానపు దారిని పడి, ముందు బయలుదేరిన కూషీయునికంటె ముందుగా చేరెను.

గోపురముమీద నున్న కావలివాడు ఆ పరుగు చూచి ఆనవాలు పట్టెను. వచ్చువాడు అహిమయస్సని వినగానే రాజు మనస్సు కుదుటపడెను. మనిషి మంచివాడు గనుక వాడు తెచ్చు వార్తయు మంచిదే యగునని ఆయన యెంచెను. ఈ మాటను గుర్తుంచుకొనుడి, మరల దీనియొద్దకు వచ్చెదము.

అహిమయస్సు సాగిలపడి జయమైనదని చెప్పెను. అది నిజమే. అయితే రాజు అడిగినది జయమును గూర్చి కాదు, పిల్లవాడు క్షేమమా అని. అప్పుడు అహిమయస్సు ఏదో అల్లరి చూచితినిగాని అదేమో తెలియలేదనెను. యోవాబు నోటినుండి అతడు విని యున్నాడు గదా! తెలిసియు తెలియదనెను. తీపిగా నున్న సగము వార్తను చెప్పి, చేదుగా నున్న సగమును మ్రింగివేసెను. రాజు అతనిని ప్రక్కకు తొలగి నిలువుమనెను. అంత ప్రయాసపడి అందరికంటె ముందు పరుగెత్తి వచ్చినవాడు, చెప్పవలసినది చెప్పలేక గోడప్రక్కన నిలువబడి, వెనుక వచ్చినవాడు చెప్పగా వినెను.

సహోదరులారా, ఇప్పుడు ఈ అహిమయస్సు మన చొక్కాజేబులలోను చీరకొంగులలోను కాపురమున్నాడు. 2016 తరువాత ఇంటర్‌నెట్ చౌకయైనది మొదలుకొని, పొలము గట్టుమీదను, రొయ్యల చెరువు కాపలా పాకలోను, ఆరాధన ముగిసి చెప్పులు తొడుగుకొనుచున్నప్పుడును ఫోను మ్రోగుచునే యున్నది. మేము ఫోనును దూషించుటకు వ్రాయుటలేదు. దూరదేశమున పనికి పోయిన బిడ్డ ముఖమును తల్లికి చూపునది అదియే. వాట్సాప్‌లో వార్త వచ్చినప్పుడు మనము చేయు పని యేమో చూడుడి. పంపినవాడెవడని చూతుము. మేనమామ పంపెను, సంఘపెద్ద పంపెను, పట్నములో చదువుకొన్న మరిది పంపెను. మనిషి మంచివాడు గనుక వార్తయు మంచిదే అనుకొందుము. గుమ్మమునొద్ద దావీదు అనుకొన్నట్టే! మేనమామ దానిని కన్నులార చూడలేదు. అతనికి మరియొకరు పంపిరి. వార్తమీద బాణపు గుర్తులు రెండున్న యెడల అది ఐదు చేతులైనను మారి వచ్చినదని అర్థము. ఆ గుర్తును చూచి ఆగువారు మాత్రము అరుదు.

మా సంఘములో చదువురాని ఒక వృద్ధురాలున్నది. ఆమెకు మీటల ఫోను మాత్రమే కలదు. ఎవరైన ఏదైన వార్త చదివి వినిపించినప్పుడు ఆమె అడుగు ప్రశ్న ఒక్కటే: “ఇది కళ్లారా చూసినవాడెవడండీ అయ్యగారూ?” సెమినరీలో మాకు నేర్పిన పరీక్షలన్నిటికంటె ఈ ప్రశ్న పదునుగా నున్నది.

సగము వార్త యెంతటి హాని చేయునో 2018వ సంవత్సరములో మన దేశము చూచెను. పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని ఒక వీడియో ఊరూర ప్రాకెను. దానిలో మోటారు సైకిలుమీద వచ్చినవారు ఒక పిల్లవానిని ఎత్తుకొని పోవుదురు. నిజమునకు అది పాకిస్తాను దేశపు కరాచీ నగరములో, పిల్లలను జాగ్రత్తగా చూచుకొనుడని తల్లిదండ్రులకు చెప్పుటకై తీసిన బొమ్మ. దాని చివర పిల్లవానిని తిరిగి తెచ్చి దింపుదురు. ఆ చివరి భాగమును ఎవరో కోసివేసిరి. మిగిలిన సగము మన దేశములో పరుగెత్తెను. ఇటువంటి వదంతుల వేడిలోనే ఆ సంవత్సరము జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామములో, భిక్షాటనకై వచ్చిన సంచారజాతివారు ఐదుగురు పంచాయతి కార్యాలయపు గదిలో కొట్టి చంపబడిరి. తెలుగు ఊళ్లలోను ఆ వేసవిని బాటసారులు దెబ్బలు తినిరి, ప్రాణములును పోయినవి. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక వార్తను ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసెను. లేనివార్త పుట్టింపకుడని నిర్గమకాండము 23వ అధ్యాయము మొదటి వచనమున ఇశ్రాయేలీయులకు విధింపబడిన కట్టడ మాత్రము అంతకు వేల యేండ్లకు ముందటిది. కొట్టినవారు కొందరు, ఆ వీడియోను నొక్కి పంపినవారు లక్షలు. వారిలో ఎవరును తమ చేతులమీద రక్తమున్నదని తలంపలేదు.

ఇది వార్తను పంపినందువలన కలిగిన చావు. వార్త చేరనందువలన కలిగిన చావును మన కృష్ణా డెల్టావారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19, శనివారము. దివిసీమమీద ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి వచ్చెను. పదివేలమందికి తక్కువ గాక చనిపోయిరి. మరునాడు ఆదివారము, ఆరాధనకు రావలసినవారు అనేకులు చేలలో శవములై పడియుండిరి. మేము అప్పటికి పుట్టలేదు. మా పెద్దలు చెప్పగా వింటిమి. తుపాను వచ్చుచున్నదని రేడియో చెప్పకపోలేదు. అయితే రేడియో లేని గుడిసెలెన్నో, విని లేచి వెళ్లుటకు చోటు లేనివారెందరో! యెహెజ్కేలు 33వ అధ్యాయములో కావలివానిని గూర్చి ప్రభువు చెప్పిన మాట అట్టి రాత్రులకొరకే చెప్పినట్టుండును. ఖడ్గము వచ్చుట చూచియు బూర ఊదని కావలివాని చేతినే ఆయన ప్రాణముల లెక్క అడుగును.

ఆనాటికిని ఈనాటికిని భేదమున్నది. దానికి దేవునికి స్తోత్రము చెల్లింపవలెను. సముద్రములో పుట్టిన సుడిని పైనుండి చూచు ఇన్సాట్ ఉపగ్రహములున్నవి. వాటిలో 3డిఎస్ అనునది 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోటనుండియే పోయెను. మచిలీపట్నమున రాడారున్నది, విశాఖపట్నమున తుపాను హెచ్చరికల కేంద్రమున్నది. తుపాను తీరము దాటుటకు 72 గంటలకు ముందే మొదటి మాట వచ్చును. 48 గంటలకు ముందు పసుపు రంగు, 24 గంటలకు ముందు నారింజ రంగు, దాటుటకు సుమారు 12 గంటలకు ముందు ఎరుపు. ప్రతి ప్రకటనమీద తేదీయు గంటయు వేసియుండును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్నముమీద పడినప్పుడు ఆస్తినష్టమునకు లెక్క లేకపోయెనుగాని, జనమును ముందుగా తరలించినందున ప్రాణనష్టము పదులలో నిలిచెను. తేదీయు గంటయు గల మాటను నమ్మి లేచిపోయినవారు బ్రదికిరి.

అయితే ఆ మంచి వార్తకు ప్రక్కనే అహిమయస్సు పరుగెత్తుచుండును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటెను. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా నర్సాపురము ప్రాంతమున దాటెను. అట్టి దినములలో మన ఫోనులకు వచ్చునవి రెండు విధములు. ఒకటి, ఎప్పటిదో ఏ దేశపుదో ఉప్పెన బొమ్మను తెచ్చి ఇది నేటి మన తీరమని భయపెట్టునది. రెండవది, “దారి మళ్లింది, మనకేమీ కాదు, ఇళ్లలోనే ఉండండి” అని ఊరడించునది. మా మట్టుకు మొదటిదానికంటె రెండవదియే ఎక్కువ చెడ్డదని తోచుచున్నది. భయపడి షెల్టరునకు పోయినవాడు ఒక రాత్రి నిద్ర పోగొట్టుకొనును. ఊరట వార్త నమ్మి ఇంట పండుకొన్నవాడు తెల్లవారుట చూడకపోవచ్చును. ప్రవక్తలతో మృదువైన మాటలే చెప్పుడని అడిగిన జనమును గూర్చి యెషయా 30వ అధ్యాయములో నున్నది. మనమును అట్టివారమే. దావీదునకు పిల్లవాడు క్షేమమని వినవలెనని యుండెను. అది యెరిగియే అహిమయస్సు నోరు మూసికొనెను.

ఇంకొక మాట. భూమియు వార్త పంపుచునే యున్నది. భూమిని అడిగిన యెడల అది నేర్పునని యోబు తన స్నేహితులతో చెప్పెను గదా (12వ అధ్యాయము). 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలైన పేటలను ముంచెను. ఎవరును ముందుగా చెప్పలేదని అక్కడివారు అనేకులు మొరపెట్టిరి; ఆ మొర న్యాయమైనదే. కాని కొల్లేటికి పోవు ఆ వాగు ఇరుకైపోవుచున్నదని, దాని పల్లములో ఇండ్లు లేచుచున్నవని ప్రతి సంవత్సరము వానాకాలమున బుడమేరు తానే చెప్పుచుండెను. మన తీరమునను అంతే. కృష్ణమ్మ సముద్రములో కలియుచోట మడ అడవి యున్నది. ఆ వేళ్లు అలల బలమును విరుచును, గట్టును పట్టుకొనును. ఆ మడను నరికి రొయ్యల చెరువులు త్రవ్విన చోట సముద్రమునకు తలుపు తీసినట్టే. మా సంఘస్థులలో చెరువులు గలవారున్నారు, కౌలుకు చేయువారున్నారు, వారి కానుకలు మందిరమునకు వచ్చుచున్నవి. అందుచేత ఈ మాట చెప్పక దాటిపోవుట సులభము. అది కూడ చేదు సగమును మ్రింగుటయే. వారితో మేము ముఖాముఖిగా మాటలాడుచున్నాము. మడ మొక్కల విషయమై అటవీశాఖవారు అడిగినప్పుడు అడ్డుపడవద్దనియు, మిగిలినదానిలో గొడ్డలి పెట్టవద్దనియు కోరుచున్నాము. ఫోను తుపాను వచ్చుచున్నదని చెప్పును. అలకు అడ్డము నిలువదు.

ఓడరేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలను గూర్చి మీరు వినియుందురు. వాటికి ఒకటి మొదలు 11 వరకు అంకెలున్నవి. పది యనగా మహాప్రమాదము. పదకొండవది ఏమో చాలమందికి తెలియదు. వాతావరణ కేంద్రముతో సంబంధము తెగిపోయినది, వార్త రాలేదు, అయినను గాలివాన ముంచుకొని వచ్చునట్టున్నది అని రేవు అధికారి తన బుద్ధితో తలంచినప్పుడు దానిని ఎత్తును. ఎంత యథార్థమైన సూచిక! నాయొద్ద వార్త లేదు అని అందరికి కనబడునట్లు ఎత్తి చూపుట. అహిమయస్సు ఆ మాటనే పలికెనుగాని అతని నోట అది అబద్ధమాయెను.

తుపాను రాత్రి ఈ పదకొండవ సూచిక ప్రతి ఊరికి వచ్చును. హుద్‌హుద్ గాలికి టవర్లు మూగపోయి ఫోనులు పలుకలేదు. ప్రభుత్వమువారు 2023లో పెద్ద శబ్దముతో ఒకేసారి ఫోనులన్నిటికి హెచ్చరిక పంపు పద్ధతిని పరీక్షించి చూచిరి. అది మంచిది, అయితే దానికిని టవరు కావలెను, ఛార్జింగు కావలెను. అందుచేత మా పాస్టరేటులో యౌవనస్థులతో కూర్చుండి కొన్ని యేర్పాట్లు చేసికొంటిమి. సంఘపు వాట్సాప్ గ్రూపులో తుపానును గూర్చి ఏది పెట్టినను దానిమీద వాతావరణ శాఖ తేదీయు గంటయు ఉండవలెను. లేనిది ఎవరు పెట్టినను, అయ్యగారు పెట్టినను, తీసివేయబడును. నారింజ రంగు ప్రకటన వచ్చినప్పుడు మందిరపు గంట విడిచి విడిచి మూడుసార్లు, ఎరుపు వచ్చినప్పుడు ఆగకుండ మ్రోగును. ఫోను లేని ఇండ్లను, మంచము పట్టినవారున్న ఇండ్లను వ్రాసి పెట్టితిమి; అవి పదిహేడు. సంఘస్థులవే గాక ఊరిలోని వారందరివియు. గంట వినగానే ఏ ఇంటికి ఎవరు పోవలెనో పేర్లు నిర్ణయమైనవి. వరుసలో మొదటి ఇల్లు కాలువగట్టు చివరనున్నది. అక్కడికి సైకిలు పోదు, నడిచియే పోవలెను. టార్చిలైటు, ఇద్దరు మనుష్యులు, ఒక కుర్చీ చాలునని యౌవనస్థులు చెప్పుచున్నారు.