కుర్చీ ఎక్కకముందే అడగాలి

జంగ్లీఘాట్,
శ్రీవిజయపురం (పోర్ట్‌బ్లెయిర్)

మనవరాలికి,

విశాఖలో లా చదువు అవగానే ఇంటికొచ్చేస్తానని, వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో మన వార్డు నుంచి నిలబడతానని రాశావు. ఉత్తరం రెండుసార్లు చదివి మీ అమ్మమ్మ పటం దగ్గర పెట్టాను. చివర్లో ఒక అనుమానం కూడా రాశావు: "గెలిచినా ప్రతిపక్షంలో కూర్చోవాల్సి వస్తే నేను చేసేదేముంటుంది తాతయ్యా?" అని. అడుగుతావమ్మా. అది చాలా పెద్ద పని.

మన దీవులకు అసెంబ్లీ లేదు. 1963లో కేంద్రపాలిత ప్రాంతాల చట్టం తెచ్చి పుదుచ్చేరి, గోవా, మణిపూర్, త్రిపురలకు శాసనసభలు ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. లోక్‌సభకు మనం ఓటేసి మనిషిని పంపడమే 1967లో మొదలైంది. అంతకుముందు నామినేట్ చేసేవారు. ఇవాళ్టికీ మనకున్న ఎంపీ ఒక్కరే. పాలించడానికి లెఫ్టినెంట్ గవర్నర్‌ను ఢిల్లీ పంపుతుంది. ముఖ్యమంత్రి కాబోయే మనిషిని నిలబెట్టి అడిగే సభ మనకు లేదు కాబట్టే, ఉన్న 24 వార్డుల కౌన్సిల్‌ను చిన్నచూపు చూడకు. అక్కడ అధ్యక్షుల్ని ఎన్నుకునేది సభ్యులే. 2023 మార్చిలో తెలుగుదేశం సభ్యురాలు ఎస్. సెల్వి బీజేపీ మద్దతుతో అలాగే అధ్యక్షురాలయ్యారు. అలాంటి ఎన్నిక రోజున నీ చేతిలో ఓటుతో పాటు ఒక ప్రశ్న కూడా ఉండాలి.

మన పెద్దలు ఉమ్మడి మద్రాసులో చూసిన సంగతి ఒకటి చెబుతాను. 1952 ఎన్నికల్లో 375 స్థానాలకు కాంగ్రెస్‌కు వచ్చినవి 152. ఎదుటి పక్షాలు ప్రకాశం పంతులుగారి నాయకత్వంలో ఒక్కటై ప్రభుత్వం మేమే ఏర్పాటు చేస్తామన్నాయి. కాంగ్రెస్ రాజాజీని ముందుకు తెచ్చింది. ఆయన ఎన్నికల్లో నిలబడలేదు. గవర్నర్ శ్రీప్రకాశ ఆయన్ని శాసనమండలికి నామినేట్ చేశారు, ఏప్రిల్‌లో రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు. ఓటు అడగని మనిషికి ఈ పదవి ఎలా ఇస్తారని కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి హైకోర్టుకెక్కారు. కోర్టు కొట్టేసింది. జూలైలో సభ బలం చూస్తే రాజాజీకి 200, ఎదుటివారికి 151.

అంటే ఆ ప్రశ్న కోర్టులోనూ, సభలోనూ ఓడిపోయింది. అయినా వృథా పోలేదు. జనం ఎన్నుకోని మనిషి పీఠం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఈ దేశంలో ఆ మాట మళ్లీ లేస్తూనే ఉంది. రాజాజీ మేధావి, త్యాగి. ఆయన గొప్పతనాన్ని కాదనకుండానే ఆయన్ని ప్రశ్నించవచ్చు. మర్యాద వేరు, మౌనం వేరు.

తర్వాతి ఏడాది ఏమైందో చూడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే అదే ప్రకాశం గారు కాంగ్రెస్ మద్దతుతో తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1954 నవంబరులో మద్యనిషేధం విషయంలో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. నిన్న ఆ కుర్చీ మాది అన్నవారే, ఇవాళ దానిలో కూర్చుని జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే రేపు నిన్నే అడిగితే తలెత్తుకుని జవాబు చెప్పగలిగిన ప్రశ్నే ఎదుటివాళ్లను అడుగు.

ఎలా అడగాలో నేను పుస్తకంలో నేర్చుకోలేదు. వయసులో ఉండగా ఒక ఎండాకాలం, నాయకుడు కావాలనుకుంటున్న ఒక పెద్దమనిషి మన వీధికొచ్చాడు. మన ఊరికి నీళ్లిచ్చే ధానిఖారి డ్యామ్‌లో నీళ్లు అడుగంటాయి. కుళాయిల ముందు నీలం డ్రములు, బిందెలు వరసగా ఎండకు మెరుస్తున్నాయి. నేను ఊగిపోతూ "ఇన్నేళ్లూ ఏం చేశారు?" అని అరిచాను. ఆయన అరగంట ఉపన్యాసమిచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు మా వరసలోనే ఉన్న చేపలమ్మే అవ్వ, చంకలో తట్ట దించకుండానే అడిగింది: "నువ్వు కుర్చీ ఎక్కినాక మా ఈదికి నీల్లు ఏ రోజొస్తాయో సెప్పు బాబూ. ఆ రోజు సేపలమ్మడానికి ఎల్లకుండా ఇంటికాడుంటాను." ఆయన నోట మాట రాలేదు. పక్కనున్నవాళ్ల వైపు చూశాడు. నా అరుపు ఆయనకు ఉపన్యాసం అందించింది, ఆ అవ్వ మాట ఆయన్ని ఆలోచనలో పడేసింది.

కాబట్టి తల్లీ, తేదీ చెప్పక తప్పని ప్రశ్న అడుగు. చెప్పిన జవాబు అక్కడే నోటుపుస్తకంలో రాసుకో, గడువు నాటికి మళ్లీ లేచి నిలబడు. గొంతు పెంచకు, ఎదుటి మనిషి ఇంటి సంగతులు ఎత్తకు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రశ్నను అమ్ముకోకు. "ఈ ఒక్కసారికి ఊరుకో, ఫలానా కమిటీలో చోటిస్తాం" అని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. ఆ రోజు నువ్వు ఊరుకుంటే నష్టపోయేది నువ్వు కాదు, నిన్ను నమ్మి వరసలో నిలబడ్డవాళ్లు. ప్రశ్న వాళ్లది. నువ్వు దాన్ని మోసుకెళ్లే మనిషివి మాత్రమే.

ఓడ దిగి ఇంటికి రాగానే నామినేషన్ కాగితాల కోసం పరుగెత్తకు. నీళ్లొచ్చే పూట కుళాయి దగ్గరికి వెళ్లు. ఒక బిందె నువ్వు కూడా వరసలో పెట్టు. పక్కనున్న అమ్మను, నీ తరఫున నేనేం అడగాలి అని అడుగు. నీ మొదటి ప్రశ్న అదే కావాలి.

ఒంటికి జాగ్రత్త. బాగా చదువుకో.

నీ తాతయ్య