తొమ్మిదవ ఆవరణమా?

శ్రీ గురు బసవలింగాయ నమః



2021వ సంవత్సరము కార్తీక మాసమున ఒక సోమవారమునాడు టెక్కలికి చేరువనున్న రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి దర్శనమునకై వరుసలో నిలిచియుంటిని. నాకు ముందు మన సమాజమునకు చెందిన పెద్దవారొకరు నిలిచియుండిరి. నుదుట విభూతి రేఖలు, మెడలో రుద్రాక్షలు, రొమ్మున ఇష్టలింగము. మాస్కు మాత్రము గడ్డము క్రిందికి జారియుండెను. నా వెనుకనున్న పిల్లవాడు, మా బడిలో చదువుకొన్నవాడే, “తాతగారూ, కాస్త పైకి లాక్కోండి” అని మెల్లగా అనెను. పెద్దవారికి కోపము వచ్చెను. నా వైపు తిరిగి, “మేస్టారూ, ఇదేటండీ! మనకు అష్టావరణాలున్నాయి కదా. ఈ గుడ్డముక్క తొమ్మిదో ఆవరణమా?” అని అడిగిరి.

నేను నవ్వి ఊరకుంటిని. వరుస ముందుకు కదలినది. నాడు బదులు చెప్పకుండుట నా లోపము. ఆ లోపమును దిద్దుకొనుటకే నేడీ నాలుగు మాటలు.

ఆ ప్రశ్న తేలికగా తీసివేయదగినది కాదు. గురువు, లింగము, జంగమము, పాదోదకము, ప్రసాదము, విభూతి, రుద్రాక్ష, మంత్రము అను ఎనిమిదియు మనకు కవచములని పెద్దలు చెప్పిరి. అయితే అవి దేనినుండి కాపాడు కవచములు? ఆణవ, మాయా, కార్మిక మలములనుండి ఆత్మను కాపాడునవి. “నేను” అను అహంకారము, “నాది” అను మమకారము లోనికి చొరకుండ నిలుచు కావలి అది. జ్వరమును, దగ్గును ఆపునవని గురువులెవ్వరును ఒప్పందము వ్రాసి ఈయలేదు. అట్లయినచో కల్యాణమున శరణుల నడుమ వైద్య సంగణ్ణయను శరణునికి పనియే ఉండెడిది కాదు. ఆయన కాయకము వైద్యము. లింగమును ధరించినవారి నాడినే ఆయన పట్టి చూచెను. మందు వేసికొనుట లింగనిష్ఠకు లోటని అనుభవమంటపమున ఎవ్వరైనను ఆక్షేపించినట్లు నేనెరుగను. మనము పూజించు రావివలస స్వామి కథయు అట్టిదే. శ్రీరాముని సేనలోని వైద్యుడైన సుషేణుడు అచట తపస్సు చేసెనని స్థలపురాణము. వైద్యుడు తపస్సు చేసిన నేలపై నిలిచి వైద్యుని మాటను త్రోసివేయుట తగునా?

ఆ గుడ్డను మనమెట్లు చూచితిమో ఒకసారి స్మరించుకొందము. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను వచ్చినది. మన శ్రీకాకుళము జిల్లాలో ఒక్క కేసైనను లేదని ఏప్రిల్ చివరివరకు గర్వించితిమి. ఏప్రిల్ 25న పాతపట్నము మండలమున మూడు కేసులు బయటపడినవి. ఆ నెలలోనే రాష్ట్ర ప్రభుత్వము ఒక్కొక్కరికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచ నిశ్చయించినది. పొదుపు సంఘముల అక్కచెల్లెండ్రు వానిని కుట్టిరి. అది నిక్కమైన కాయకము. కుట్టినవారి శ్రమను మనమెట్లు గౌరవించితిమి? కాశీబుగ్గ కూడలిలో పోలీసువారు కనబడినపుడు ముక్కుపైకి లాగి, మలుపు తిరిగినంతనే జేబులో దోపుకొంటిమి. కొందరికి కండువాయే మాస్కు, కొందరికి పమిట కొంగే మాస్కు. తుమ్మునపుడు, దగ్గునపుడు మాత్రము దానిని క్రిందికి తీసిన మహానుభావులును కలరు. జీడిపప్పు బట్టీలలోను, తొక్క తీయు షెడ్లలోను ఉక్కలో పనిచేయు ఆడవారు ఊపిరి ఆడదనిరి. వారి బాధ నిజమైనది. “కుప్పనూర్పుల ఎద్దుకు చిక్కము కట్టినట్లున్నది” అని రచ్చబండపై నవ్విన మాటయు వింటిని. ఆ నవ్వు మాత్రము వేరు. దానిలో అభిమానము దాగియున్నది. ముఖము కప్పుకొనుట పిరికితనమనియు, రోగిష్ఠివారి గురుతనియు మన మనస్సులో పడినది.

ఈ అభిమానము మన ఊరికే పరిమితము కాదు. 1910-11 సంవత్సరములలో చైనాకు చెందిన మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగి సుమారు 60,000 మందిని బలిగొనెను. మలయాలోని పెనాంగులో పుట్టిన వూ లియన్-తే అను యువవైద్యుడు ఆ వ్యాధి మనిషి ఊపిరినుండి మనిషికి సోకుచున్నదని గ్రహించి, దూది పెట్టిన జాలిగుడ్డను ముక్కునకు, నోటికి కట్టుకొనుడని చెప్పెను. మెస్నీ యను ఫ్రెంచి వైద్యుడు ఆయనకంటె పెద్దవాడు, అనుభవశాలి. పిన్నవాని మాట వినుట ఆయనకు చిన్నతనముగ తోచెను. గుడ్డ లేకయే రోగులను చూచి, కొలది దినములకే 1911 జనవరిలో అదే వ్యాధితో మరణించెను. ఆయనకు చదువు తక్కువ కాలేదు. “నేను” అను భావము ఎక్కువైనది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినపుడు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున మాస్కు తప్పనిసరి చేయగా, 1919 జనవరిలో దానిని ఎదిరించుటకు ఒక సంఘమే వెలసినది. గుడ్డముక్క ఎచ్చటను గొడవ కాలేదు. అది తాకిన అహంకారమే గొడవయైనది.

సందేహములు కలిగిన సామాన్యులను నేను నిందింపను. ప్రపంచ ఆరోగ్య సంస్థయే తొలుత సామాన్యులందరికి మాస్కు అవసరము లేదని చెప్పి, 2020 జూన్ 5న తన సలహాను మార్చుకొన్నది. తెలిసిన కొలది దిద్దుకొనుట శాస్త్రమునకు సిగ్గు కాదు. దిద్దుకొననిచో సిగ్గు. బంగ్లాదేశమున 2020 నవంబరు మొదలు 2021 ఏప్రిల్ వరకు 600 గ్రామములలో సుమారు 3,42,000 మంది పెద్దలతో ఒక పరిశీలన జరిపిరి. మాస్కులు పంచి చెప్పిన గ్రామములలో వానిని సరిగా ధరించువారు నూటికి 13 మందినుండి 42 మందికి పెరిగిరి. లక్షణములతో కూడిన వ్యాధి అచట సుమారు 9 శాతము తగ్గినది. సర్జికల్ మాస్కులు ఇచ్చిన గ్రామములలో 60 ఏండ్లు దాటినవారికి మేలు అంతకంటె ఎక్కువగా, సుమారు 35 శాతముగా, కనబడినది. మాస్కు వజ్రకవచము కాదు. వాన గొడుగువంటిది. అయినను ఎక్కువమంది పట్టినపుడు ముసలివారు తక్కువగా తడిసిరి. ఆ గ్రామములలో జనులను మార్చినది ఏది? సెల్‌ఫోనులో పంపిన సందేశములు కాదు, బహుమానములు కాదు. మాస్కును ఇంటికి తెచ్చి ఇచ్చుట, పెద్దలు తాము ధరించి చూపుట, దారిలో ఎదురైనపుడు ఒక మనిషి మరొక మనిషికి మెల్లగా గుర్తుచేయుట. రావివలస వరుసలో మా విద్యార్థి చేసినది సరిగా అదే.

ఇక మన ఉద్దానము సంగతి. ఉద్యానమువంటి నేల కనుక ఉద్దానమైనదందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల పచ్చదనము క్రింద ఎంత వ్యథ ఉన్నదో మనకు తెలియనిది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో మూత్రపిండముల వ్యాధి ఇల్లిల్లు తట్టినది. కారణము నేటికిని పూర్తిగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. కాని 2020, 2021 సంవత్సరములలో అవి లేవు. ఇంటనుండి కదలవద్దని లోకమంతటికి చెప్పిన దినములలోను డయాలిసిస్ రోగి కదలక తప్పదు. వారమునకు రెండు మూడు మారులు, మారునకు నాలుగు గంటలు, నలుగురి నడుమ మంచముపై పరుండక తప్పదు. అట్టివారి ఒంట రోగమును ఎదిరించు శక్తి తక్కువ. మాస్కు మనకు ఎంత మేలు చేయునో అని లెక్కలు కట్టితిమి. ఆ మంచముపైనున్నవానికి మన మాస్కు ఎంత మేలు చేయునో లెక్కించితిమా?

ఇచట నా సంగతి చెప్పుకొనక తప్పదు. పరులకు చెప్పువాడు ముందు తన తప్పును ఒప్పుకొనవలెను. మా అక్కగారిది తీరప్రాంతపు పల్లె. మా బావగారు మూడేండ్లుగా డయాలిసిస్‌పై నుండిరి. 2021 మేలో ఆయనను చూడబోయితిని. మాస్కు ధరించియే వెళ్ళితిని. గుమ్మములో మా అక్క, “ఒరే తమ్ముడూ, మా ఇంటికొచ్చి మూతి కట్టుకుంటావేటిరా? మేం పరాయోళ్ళమా?” అనినది. ఆ మాటలో ప్రేమ తప్ప వేరేమియు లేదు. బావగారికి వినికిడి తక్కువ. నా పెదవులు చూడనిదే మాట అందదు. మాస్కు తీసి జేబులో పెట్టితిని. తలుపులు మూసిన గదిలో గంటసేపు ప్రక్కన కూర్చుండి, కాఫీ త్రాగి, బిగ్గరగా మాటలాడితిని. ఆయన ఎంతో సంతోషించిరి. రెండు దినములకు నాకు జ్వరము వచ్చినది. అయిదవ దినమున ఆయనకు వచ్చినది. నాకు తగ్గినది. ఆయనకు తగ్గలేదు.

ఆయనకు ఎవరివలన సోకెనో ఎవ్వరును చెప్పజాలరు. దారిలోనైనను, ఆసుపత్రిలోనైనను సోకియుండవచ్చును. ఇది నన్ను ఓదార్చుటకు అందరును చెప్పిన మాట. మా అక్క నేటివరకు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అననిమాటయే నాకు భారము. బడిలో పిల్లలకు ప్రతిదినము మాస్కు పాఠము చెప్పిన నేను, మొగమాటమునకు లొంగి, అవసరమైన ఆ ఒక్క గంటలో దానిని తీసితిని. కిటికీ తెరచి, వాకిట కూర్చుండి, పలకపై వ్రాసి చూపినను బావగారు చదివెడివారే. అప్పుడు తోచలేదు. “మనవారే కదా” అని తీసితిని. మనవారు గనుకనే తీయరాదని తరువాత తెలిసినది.

బంధువులారా, ముఖము కప్పుకొనుట దూరము చేసికొనుట యని కొందరందురు. నాకు అందుకు విరుద్ధముగ కనబడుచున్నది. 2020 జూన్‌లో పలాసలో కరోనా సోకినట్లు తేలిన ఒక వృద్ధుని శవమును జె.సి.బి. యంత్రముతో తరలించిన దృశ్యము దేశమంతయు చూచినది. బాధ్యులైన ఇద్దరు అధికారులను ప్రభుత్వము సస్పెండు చేసినది. తప్పు వారిదని మనము చేతులు దులుపుకొంటిమి. ఆ వీధిలోని తలుపులు మూయించినది ఏది? భయము. శివైక్యము పొందినవానిని స్నానము చేయించి, విభూతి పూసి, కూర్చుండబెట్టి, పూలతో సాగనంపు సంప్రదాయము మనది. ఆ దేహమును మన చేతులతో తాకుట మన ఋణము. భయము ఆ ఋణమును యంత్రమునకు అప్పగించినది. ముక్కునకు, నోటికి సరియైన కట్టు, చేతులకు తొడుగులు, కొంచెము తెలివి ఉన్నచో భుజము పట్టవచ్చునని తెలిసినవారు కొందరు పలుచోట్ల అనాథశవములను మోసిరి. కట్టు కట్టుకొన్నవాడే దగ్గరకు రాగలిగెను. కట్టు లేనివాడే దూరముగ పారిపోయెను. ఆ గుడ్డ మనుషుల నడుమ గోడ కాదు. దగ్గరకు చేర్చు వంతెన.

అంతరాత్మను అడిగి చూడుడు. మాస్కు వలన ముఖ్యముగ కాపాడబడువాడు ఎదుటివాడు. ఒంటిలో వ్యాధి యుండియు లక్షణములు తెలియని దినములలో మన మాటతో, దగ్గుతో వెలువడు తుంపరలను అది మనవద్దనే నిలుపును. తనకు కొంత ఉక్క, ఎదుటివానికి కొంత రక్షణ. తనది కొంత వదలుకొని ఇతరునికి ఇచ్చుటకు మన పెద్దలు పెట్టిన పేరు దాసోహము. అన్నము పెట్టుట ఒక్కటియే దాసోహమా? ఊపిరిని శుభ్రముగ ఇచ్చుటయు దాసోహమే. జంగమమనగా కదలునది. కదలు ప్రతి ప్రాణిలో శివుని చూడవలెనని నేర్చినవారము. డయాలిసిస్ మంచముపైనున్న ఆ ప్రాణియు జంగమమే.

ఆ మహమ్మారి అత్యవసర స్థితి ముగిసినదని 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. నేడు నిర్బంధము లేదు, జరిమానా లేదు. ఎల్లవేళల ముఖము కప్పుకొని తిరుగుడని నేను చెప్పుట లేదు. నిర్బంధము లేని దినముననే ధర్మము పరీక్షింపబడును. కనుక నాలుగు సంగతులు మాత్రము మనవి చేయుదును. జలుబు, దగ్గు, జ్వరము ఉన్నపుడు నలుగురిలోనికి పోవలసి వచ్చినచో మాస్కు ధరింపుడు. మూత్రపిండ రోగులను, పసిబిడ్డలను, ముసలివారిని చూడబోవునపుడు జేబులో ఒకటి ఉంచుకొనుడు. అట్టి ఇంటివారు “తీయకండి” అని తామే చెప్పుట నేర్చుకొనవలెను. వచ్చినవారు దానిని అవమానముగ తలపరాదు. మఠములలో శివరాత్రికి, బసవజయంతికి జనము చేరునపుడు కిటికీలు, తలుపులు తెరచియుంచుడు. రావివలస స్వామి పైకప్పు లేక ఎండలో, గాలిలో కూర్చుండియున్నాడు. గాలి ఆడుచోట వ్యాధి నిలువదను సంగతి నాకు ఆ సన్నిధిలోనే పాఠముగ తోచినది.

ఇక ఆ పెద్దవారికి బదులు. అయ్యా, ఇది తొమ్మిదవ ఆవరణము కాదు. ఆవరణములు ఎనిమిదియే. అవి మీ ఆత్మకు కవచములు. ఈ గుడ్డముక్క మీ కవచము కాదు, మీరు ఎదుటివారికి పట్టు గొడుగు. ఎనిమిది ఆవరణములు నిజముగ మనలోనికి ఇంకినవో లేదో తెలిసికొనుటకు ఇది ఒక చిన్న గురుతు.

మరల వరుసలో మీరు కనబడినచో ఈ మాట నేనే చెప్పుదును. ఆ పిల్లవానికి మాత్రము ఇప్పుడే చెప్పుచున్నాను: నాయనా, నాడు నీవే గురువువు.

శరణు శరణార్థి.